మోరే ఈల్‌ను చూడాలంటే ఎక్కడ దిగాలి?

మాల్దీవుల్లో మేం దిగిన రిసార్టులో గది ఓ మోస్తరు, భోజనమూ అంతే. కానీ మెట్లు దిగి కాస్త ఈదితే చాలు, పగడాల దిబ్బ వచ్చేస్తుంది. పాములా పొడవుగా ఉండే మోరే ఈల్ అనే చేప కోసం వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి బస దొరకదు. వీటిలో పెద్ద జాతి అయిన జెయింట్ మోరే పగలంతా రాళ్ల సందులోంచి తల బయటపెట్టుకుని ఉంటుంది. పొద్దున చూసినదాన్నే సాయంత్రం మళ్లీ తీరిగ్గా చూసి రావచ్చు. పడవ కోసం ఎదురుచూపుల్లేవు.

అది నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే మొదటిసారి చూసేవాళ్లకు టెన్షనే. నిజానికి అది ఊపిరి తీసుకోవడం. మొప్పల మీదుగా నీటిని అలాగే పంపుకుంటుంది. ఎర్రచారల చిన్న రొయ్య ఆ పళ్ల మధ్య తిరుగుతూ శుభ్రం చేస్తుంటే మోరే కదలకుండా ఉంటుంది! జెయింట్ మోరే 3 మీటర్ల దాకా పెరుగుతుంది. గొంతులో ఇంకో జత దవడలుంటాయి. ముందు పళ్లతో పట్టిన చేపను ఆ దవడలు ముందుకొచ్చి లోపలికి లాక్కుంటాయని 2007లో శాస్త్రవేత్తలు రీటా మెహతా, పీటర్ వైన్‌రైట్ చూపించారు.

అందుకే చేత్తో మేత పెట్టించే గైడ్లంటే నాకు కోపం. ఒకచోట అదో ఆకర్షణ అన్నట్టు చెప్పారు, మేం ఆ డైవ్ మానుకున్నాం. మోరేకు చూపు అంతంతమాత్రం, వాసనతోనే వెతుక్కుంటుంది. చేపముక్కేదో వేలేదో దానికెలా తెలుస్తుంది? అలా వేళ్లు పోగొట్టుకున్న డైవర్లున్నారు. బుక్ చేసేముందే ఈ సంగతి అడగండి. మా రిసార్టు గైడ్ మాత్రం రాత్రి డైవ్‌లో కూడా టార్చ్ నేరుగా దాని కళ్లలోకి వేయనివ్వలేదు.

ఎర్ర సముద్రంలో, ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ ఊరి నుంచి పగటి పడవలో రాస్ మొహమ్మద్ అనే డైవింగ్ చోటుకు వెళ్లాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి, జనం మాత్రం మరీ ఎక్కువ. గ్రూపర్ చేప మోరే సందు ముందుకొచ్చి తల ఊపి వేటకు పిలుస్తుందని 2006లో ప్రచురించిన పరిశోధన ఈ సముద్రంలో జరిగిందే. సందుల్లో దూరిన చేపను మోరే పట్టుకుంటుంది, బయటికి పారిపోయింది గ్రూపర్‌కు దొరుకుతుంది. ఇలాంటిది చూడాలంటే ఒకే గ్రూపర్ వెంట ఓపిగ్గా, దూరం నుంచి వెళ్లాలి. గుంపుతో, గడియారం చూసుకుంటూ చేసే డైవ్‌లో అది కుదరదు. అక్కడికి వెళ్తే రాత్రిళ్లు పడవలోనే ఉండే లైవ్‌అబోర్డ్ తీసుకోండి, మిగతా పడవలు చేరకముందే నీళ్లలోకి దిగొచ్చు.