అడుగున కన్నం ఉన్న, సీసం కరిగించే కుండ: ఏడాది వాడాక చెప్తున్నాను

మాది కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. విసురు వలలు అల్లడం, పాత వలలకి సీసం గుండ్లు మార్చడం మా ఇంటి పని. ఒక వలకి 15 గ్రాముల గుండ్లు సుమారు 300 పడతాయి, అంటే నాలుగున్నర కిలోల సీసం. మా నాన్న ఇనప మూకుట్లో కరిగించి గరిటతో అచ్చులో పోసేవాడు. నేనూ పదేళ్ళు అలాగే చేశాను. గరిటతో పోస్తే పైన తేలే మడ్డి కూడా గుండులోకి దిగుతుంది. పదింట్లో రెండో మూడో బోలుగా వచ్చేవి, అవి మళ్ళీ మూకుట్లోకే.

మడ్డి తేలిక కాబట్టి ఎప్పుడూ పైనే ఉంటుంది, మంచి సీసం అడుగున ఉంటుంది. మరి అడుగు నుంచే తీసుకోవచ్చు కదా అని, కిందటేడు ఈ కుండ చేయించాను.

నాలుగంగుళాల మందపాటి ఇనప పైపు, దాదాపు ఐదంగుళాల ఎత్తు ముక్క. దానికి 6 ఎం.ఎం. ప్లేటు అడుగు. నిండా పోస్తే పది కిలోలు పడుతుంది, నేను ఏడున్నర దాటనివ్వను. చుట్టూ 1000 వాట్ల కాయిల్, దానిపైన వేడి బయటికి పోకుండా సిరామిక్ వూల్, ఆపైన నూనె డబ్బా రేకు. పక్కన టెంపరేచర్ కంట్రోలర్. ఎర్తింగ్ తప్పనిసరిగా ఇవ్వండి, చేతిలో ఉండేది ఇనప పిడి. పైపు గాల్వనైజ్డ్‌ది మాత్రం వద్దు, దాని జింకు పూత కాలితే వచ్చే పొగ మంచిది కాదు. మొత్తం మూడు వేల చిల్లర అయింది.

మొదట వెల్డింగ్ చేసినాయన పని సరిగ్గా లేదు. అదృష్టం కొద్దీ సీసం పోయకముందే పరీక్ష చేశాను. అతుకు బయట సుద్దపొడి పూసి, లోపల కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచాను. తెల్లారేసరికి సుద్ద మీద రెండు చోట్ల చెమ్మ. కిరోసిన్ నీళ్ళకంటే సన్న సందుల్లోంచి పోతుంది, అందుకే ఆ పరీక్ష. మళ్ళీ వెల్డింగ్ చేయించాను. కిరోసిన్ తుడిచి, ఎండలో పూర్తిగా ఆరాకే కాయిల్‌కి కరెంటు ఇచ్చాను.

అసలు కష్టమంతా కన్నం దగ్గర. పైనుంచి రాడ్ దిగి, దాని మొన కుండ అడుగున ఉన్న నాజిల్ కన్నాన్ని మూయాలి. పిడి ఎత్తితే సీసం రావాలి, వదిలితే ఆగాలి. నా మొదటి రాడ్ గ్రైండర్ మీద మొన తీసినది. వదిలాక కూడా నాజిల్ చివర ఒక బొట్టు వేలాడేది. నెమ్మదిగా లావై, అద్దంలా మెరిసి, టప్పున కింద రేకు మీద పడేది. మళ్ళీ ఇంకోటి. గంటకి అర కిలో అలా కారిపోయింది.

జగన్నాథపురంలో ఒక లేత్ మాస్టారికి చూపించాను. ఆయన రాడ్ మొన మీద వేలు తిప్పి చూసి, "తమ్ముడూ, రాడ్ ఒక్కటే నున్నగా చేస్తే లాభం లేదు. రాడ్డూ కన్నమూ ఒకదానికొకటి అరగాలి" అన్నాడు. మొన, అది కూర్చునే కన్నం అంచు (సీటు) రెండూ ఒకే కోణంలో లేత్ మీద తిప్పి, ఇంజన్ వాల్వులకి వాడే గ్రైండింగ్ పేస్ట్ పూసి, అరగంట చేత్తో తిప్పి ఇచ్చాడు. నాలుగొందలు తీసుకున్నాడు. ఆ నాలుగొందలూ పెట్టకపోతే ఈ కుండ పాత ఇనుముతో పోయేది. ఎవరైనా కట్టుకుంటే అక్కడ మాత్రం పొదుపు చేయకండి.

రెండో లోపం నాజిల్ చివర. కాయిల్‌కి దూరం కావడంతో చల్లబడి సీసం అక్కడే గడ్డకట్టేది. నాజిల్ పొడవు అంగుళం నుంచి అర అంగుళానికి కోయించాను. అయినా చలికాలం పొద్దున్న మొదటి గుండుకి బ్లో టార్చ్ చూపించాల్సిందే. ఇది ఇంకా తీరలేదు.

ఇప్పుడు కంట్రోలర్ 380 డిగ్రీల దగ్గర పెడతాను. సీసం 327కి కరుగుతుంది, జింకు 419కి. నేను కరిగించే సీసంలో బండి చక్రాల బ్యాలెన్సింగ్‌కి తగిలించే పాత బరువులు ఉంటాయి, వాటిలో జింకువి కలిసి ఉంటాయి. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే సీసం తెగుతుంది, జింకు తెగదు. ఒకటీ అరా కళ్ళు కప్పినా ఆ వేడికి కరగకుండా పైకి తేలుతుంది, తీసి పారేయొచ్చు. బ్యాటరీ పలకలు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోను. వాటిలో యాసిడ్ ఉంటుంది, ఇంకా విషాలుంటాయి.

అచ్చుకి దీపం మసి పట్టించి, గుండులో కన్నం పడేందుకు సైకిల్ పుల్ల గుచ్చి, నాజిల్ కింద పెట్టి పిడి ఎత్తుతాను. రెండు లెక్కపెట్టేలోపు గుండు సిద్ధం. ఒక వలకి సరిపడా గుండ్లలో చెడేవి ఇప్పుడు నాలుగైదు మించవు.

అచ్చులో తడి ఉంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఒకసారి వానలో తడిసిన అచ్చు తుడిచాననుకుని పోశాను. ఒక్క నీటి చుక్కకే సీసం ఠప్‌మని నా చొక్కా మీదికి చిమ్మింది. కళ్ళద్దాలు ఉండబట్టి కళ్ళు మిగిలాయి. అప్పట్నుంచి అచ్చుని కుండ మూత మీద పెట్టి వేడి చేశాకే వాడుతున్నాను. పని పెరట్లోనే, గాలికి వీపు పెట్టి. పిల్లల్ని ఆ వైపు రానివ్వను. మడ్డిని డబ్బాలో మూతేసి ఉంచుతాను, ఆ పొడి మహా చెడ్డది. సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా మార్చాకే అన్నం దగ్గర కూర్చుంటాను.

పని అయ్యాక కుండ ఖాళీ చేయను, అంగుళం సీసం అడుగున వదిలేస్తాను. సీటు తుప్పు పట్టదు, మర్నాడు తొందరగా కరుగుతుంది. పిడికి మాత్రం చెక్క తొడుగు వేయించాలి, రెండో గంటకే చెయ్యి కాలుతోంది.