లగ్జరీ కారులో ఏది మేలు: బ్రాండ్ పేరా, మొరాయించని బండా?

నా స్నేహితుడు ఎనిమిదేళ్ల పాత లగ్జరీ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఏ కంపెనీదో ఇక్కడ అవసరం లేదు. ఒకరోజు పొద్దున్నే చూస్తే కారు ముందు ఎడమ చక్రం మీదికి కుంగిపోయి ఉంది. స్టార్ట్ చేయగానే కింద నుంచి సన్నగా మోటారు చప్పుడు వచ్చింది, కాసేపటికి ఆ మూల మెల్లగా లేచి సమంగా నిలబడింది. బాగానే ఉంది కదా అని వాడు వదిలేశాడు.

అది ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు. ఇనుప స్ప్రింగు ఉండాల్సిన చోట గాలి నింపిన రబ్బరు సంచి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది మడతల దగ్గర పగులుతుంది. రాత్రంతా గాలి పోతుంది, పొద్దున కంప్రెసర్ అనే చిన్న గాలి పంపు దాన్ని మళ్లీ నింపుతుంది. అలా అదేపనిగా తిరిగి తిరిగి చివరికి కంప్రెసర్ కూడా కాలిపోతుంది. మా వాడి విషయంలో జరిగిందీ అదే. రబ్బరు సంచి మారిస్తే పోయేదానికి రెండు నెలలు ఆగి, రెండూ మార్పించాడు. ఆ రెండు నెలలూ ఆ కారు ఎక్కడ ఆగినా జనం తిరిగి చూస్తూనే ఉన్నారు. పేరు పనిచేస్తూనే ఉంది, బండే పనిచేయడం మానేస్తోంది. అప్పటినుంచి ఎవరు లగ్జరీ కారు గురించి అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: ఎన్నేళ్లు ఉంచుకుంటారు?

ఎందుకంటే మొరాయించకుండా నడిచే విషయంలో టొయోటా వాళ్ల లగ్జరీ బ్రాండ్ లెక్సస్‌ది పైచేయి, పేరు విషయంలో మెర్సిడెస్, బీఎండబ్ల్యూలది. దీంట్లో పెద్దగా వాదన లేదు. మూడేళ్లు నడిచిన కార్లలో వందకి ఎన్ని సమస్యలు వచ్చాయో లెక్కగట్టే జేడీ పవర్ అమెరికా సర్వేలో 2023, 2024, 2025 మూడేళ్లూ లెక్సస్‌దే మొదటి స్థానం. అదే బ్రాండ్ల విలువ కట్టే ఇంటర్‌బ్రాండ్ సంస్థ 2023 లెక్కలో ప్రపంచంలోని అత్యంత విలువైన పది బ్రాండ్లలో మెర్సిడెస్, బీఎండబ్ల్యూ రెండూ ఉన్నాయి, లెక్సస్ లేదు. మరి ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

మెర్సిడెస్ సంగతే చూడండి. 1976 నుంచి సుమారు పదేళ్ల పాటు తయారైన డబ్ల్యూ123 మోడల్ కార్లు దాదాపు 27 లక్షలు రోడ్డెక్కాయి. మొరాకోలో అవి దశాబ్దాల తరబడి టాక్సీలుగా తిరిగాయి. అంతకుముందు మోడల్‌లో 1976 నాటి 240డీ టాక్సీ ఒకటి గ్రీసులో 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, చివరికి కంపెనీ మ్యూజియంలో చేరింది. అంటే మనం ఈరోజు గౌరవించే ఆ మూడు కోణాల నక్షత్రం వెనక ఉన్నది ఒకప్పటి గట్టిదనమే. ఆ తరవాత 1990ల మొదట్లో వచ్చిన కొన్ని మోడళ్లలో ఇంజిన్ వేడికి వైర్ల మీది తొడుగు పొడిపొడిగా రాలిపోయింది. 2005లో బ్రేకులు, ఎలక్ట్రానిక్స్ సమస్యలతో కంపెనీ 13 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. అయినా పేరు కూలిపోలేదు. పేరు తాతల నాటి ఆస్తిలాంటిది, మనవలు ఖర్చు పెడుతున్నా చాలాకాలం వస్తుంది.

అయితే ఆ ఆస్తి ఒక్క దెబ్బకి కరిగిపోవచ్చు కూడా. 1986లో అమెరికాలో ఆడి 5000 కారు తనంతట తానే దూసుకుపోతోందని టీవీలో కథనం వచ్చింది. 1985లో అక్కడ 74 వేలు దాటిన ఆడి అమ్మకాలు 1991కి 12 వేల చిల్లరకు పడిపోయాయి. చాలా ప్రమాదాల్లో డ్రైవర్లు బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కారని 1989లో అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ తేల్చింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. బండి తప్పు లేకపోయినా పేరు పోతుంది, బండిలో తప్పున్నా పేరు నిలుస్తుంది. అందుకే పేరును చూసి బండి ఎన్నాళ్లు నడుస్తుందో అంచనా వేయడం నాకు ఇష్టం ఉండదు.

లెక్సస్‌కి అలాంటి వారసత్వం లేదు. 1989లో ఎల్ఎస్ 400 అనే కారుతో మొదలైంది. ఆ ఏడాది చివర్లో వైరింగ్ మీద, బ్రేక్ లైట్ మీద వచ్చిన ఏ రెండు మూడు ఫిర్యాదులకో అప్పటిదాకా అమ్మిన సుమారు 8 వేల కార్లనూ వెనక్కి పిలిచారు. చాలామంది ఇళ్లకి వెళ్లి కారు తీసుకెళ్లి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగి ఇచ్చారు. కొత్త కంపెనీకి పరువు పోవాల్సిన సందర్భం అది, దానితోనే పరువు సంపాదించుకున్నారు. 1996 మోడల్ ఎల్ఎస్ 400 ఒకటి పది లక్షల మైళ్లు దాటింది. ఇంత ఉన్నా లెక్సస్‌లో కూర్చుంటే కొందరికి గుండె కొట్టుకోదు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి. స్టీరింగ్ తిప్పినప్పుడు బీఎండబ్ల్యూ ఇచ్చే హుషారు, మెర్సిడెస్ ఎస్-క్లాస్ వెనక సీటు ఇచ్చే దర్జా వేరు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని జర్మన్ కార్లను తీసిపారేయడం అన్యాయం.

అసలు బ్యాడ్జి చూసి తీర్పు చెప్పడం దగ్గరే మనం పొరపాటు పడతాం. బీఎండబ్ల్యూ 2008లో తెచ్చిన ఎన్63 అనే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌లో, లోపలికి అదనంగా గాలి తోసే టర్బోలు రెండు సిలిండర్ వరసల మధ్య కూర్చుంటాయి. ఆ వేడికి చుట్టూ ఉన్న రబ్బరు సీళ్లు గట్టిపడి, ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. చివరికి 2014లో అమెరికాలో ఆ ఇంజిన్ ఉన్న కార్ల కోసం కంపెనీ ప్రత్యేకంగా ఒక సర్వీస్ కార్యక్రమమే పెట్టాల్సి వచ్చింది. అదే కంపెనీ 2015లో తెచ్చిన బీ58 అనే ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి మెకానిక్‌ల దగ్గర మంచి మాటే వినిపిస్తుంది. టొయోటా తన సుప్రాలో పెట్టుకున్నది ఆ ఇంజిన్‌నే. ఒకే బ్యాడ్జి, రెండు వేరు వేరు జీవితాలు.

సర్వేలనూ ఇలాగే విడదీసి చదవాలి. ఈమధ్య సర్వేల్లో ఎక్కువగా నమోదయ్యే ఫిర్యాదుల్లో ఒకటి, ఫోను కారుకి సరిగ్గా కనెక్ట్ కాకపోవడం. అది చిరాకే కానీ రోడ్డు మధ్యలో బండి ఆపేయదు. పైగా మూడేళ్ల సర్వే ఎనిమిదో ఏడు గురించి ఏమీ చెప్పదు. రబ్బరు సంచి పగిలేది, ప్లాస్టిక్ కూలెంట్ పైపులు పెళుసుబారేది దాదాపు అప్పుడే.

కాబట్టి కొత్త కారు కొని వారంటీ అయ్యేలోపు మార్చేసే అలవాటుంటే మెర్సిడెస్ గానీ బీఎండబ్ల్యూ గానీ నిశ్చింతగా తీసుకోండి. రిపేరు టెన్షన్ కంపెనీది, ఆనందం మీది. పదేళ్లు ఉంచుకునేవాళ్లకి నా ఓటు లెక్సస్‌కే, ఇంకో ఆలోచన లేదు. సెకండ్ హ్యాండ్ అయితే మాత్రం ఇంకాస్త జాగ్రత్త. జర్మన్ కారే కావాలనుకుంటే చిన్న ఇంజిన్, మామూలు స్ప్రింగులు, పూర్తి సర్వీస్ రికార్డు ఉన్నదాన్ని వెతకండి. ఫీచర్లు ఎక్కువున్న కారు పాతబడితే పాడయ్యేవీ ఎక్కువే.

చూడటానికి వెళ్లే ముందు, రాత్రి నుంచి కారును కదిలించకుండా ఉంచమని అమ్మేవాళ్లను అడగండి. పొద్దున్నే వెళ్లి నాలుగు చక్రాల పైన ఖాళీ సమానంగా ఉందో లేదో అరచేయి పెట్టి కొలవండి. తరవాత వెనక నిలబడి, ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్నమాట, బేరం దాకా వెళ్లకుండానే వచ్చేయండి.