మేడ మీది సారు దగ్గర నలభై రోజుల ఫిజికల్ సైన్స్ రివిజన్

నల్లగొండ దేవరకొండ రోడ్డులో నాది మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటారు కాలినా, మిక్సీ కాలినా మా దగ్గరికే వస్తుంది. మా పెద్దమ్మాయి ఈ ఏడు టెన్త్. సంక్రాంతి సెలవులు అయిపోగానే ఆమెను పట్టణంలోనే ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ సారు నడిపే రివిజన్ బ్యాచ్‌లో వేశాను. ఫీజు 1,500 రూపాయలు, నలభై రోజులు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా. బోర్డు లేదు, కరపత్రం లేదు. తెలిసినవాళ్ళు 'మేడ మీది సారు' అంటారు. నిన్నటితో బ్యాచ్ అయిపోయింది. వచ్చే ఏడు నాలాగే పిల్లల్ని ఎక్కడ వేయాలా అని తిరిగే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

ముందు జరిగింది కూడా చెప్పాలి. దసరా తర్వాత మా అమ్మాయిని వేరే చోట వేశాం. అక్కడ ప్రశ్నలు, జవాబులు అచ్చు వేసి ఇచ్చేవాళ్ళు, రోజుకు ఇన్ని అని అప్పజెప్పించుకునేవాళ్ళు. ఒకరోజు రాత్రి అన్నం తినేటప్పుడు లెంజ్ నియమం చెప్పమన్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "అంటే ఏంది బిడ్డా?" అని అడిగితే, "అట్లనే రాయాలంట డాడీ" అంది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 40 మార్కుల పేపర్లో 19 వస్తున్నాయి. పాస్ కావడానికి అవి చాలు. కానీ ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే చాలు, పిల్లకు చేతులు చల్లబడిపోయేవి. ఆ టెన్షన్ చూడలేకే మార్చాను.

సారు దగ్గర మొదటి రోజు పుస్తకం తీయనివ్వలేదు. రెండో రోజు అందరినీ ఇంటి నుంచి స్టీలు గరిటె తెమ్మన్నారు. లోపలి వైపు చూస్తే ముఖం తలకిందులు, వెనక వైపు చూస్తే నిటారుగా, చిన్నగా. ఎందుకో ఒక్కొక్కరూ తమ మాటల్లో చెప్పాలి. తప్పయినా సరే, చెప్పాలి. ఆటో అద్దం ఏ రకం? కుంభాకారం, గరిటె వెనక వైపులా ఉబ్బెత్తుది. ఎందుకు? ప్రతిబింబం చిన్నగా పడుతుంది, అందుకే వెనక రోడ్డు ఎక్కువ కనిపిస్తుంది. హెడ్‌లైట్ వెనక ఉండే డిప్ప పుటాకారం, గరిటె లోపలి వైపులా. బల్బు దాని నాభి (దూరం నుంచి వచ్చే వెలుగు ఒకచోట చేరే చోటు) దగ్గర ఉంటుంది కాబట్టి వెలుగు తిన్నగా ముందుకు పోతుంది. ఇంత మాట్లాడించిన తర్వాతే పుస్తకం. సర్కారు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటాయి కదా. మా అమ్మాయిది ఇంగ్లిష్ మీడియం. అర్థం కాకపోతే సారు తెలుగు పేజీ చదివించి, మళ్ళీ ఇంగ్లిష్‌లోకి తీసుకొస్తారు. ఆ తెలుగు పేజీ ఎందుకు ఉందో చాలామంది పిల్లలకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయికీ చెప్పలేదు.

కటకాల పాఠం మా ఇంట్లోకి కూడా వచ్చింది. సారు ఇచ్చిన భూతద్దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని, బయటి వేపచెట్టును గోడ మీద తలకిందులుగా పడేలా చేసింది. స్కేలు పెట్టి కొలిస్తే అద్దానికీ గోడకూ మధ్య పది సెంటీమీటర్లు. అంటే నాభ్యంతరం, నాభి దాకా ఉండే దూరం, 0.1 మీటరు. ఒకటిని దానితో భాగిస్తే సామర్థ్యం పది డయాప్టర్లు. తర్వాత నాయనమ్మ కళ్ళద్దాల చీటీ తీసింది. దాని మీద +2 అని ఉంది. "నాయనమ్మా, నీ అద్దం నాభ్యంతరం యాభై సెంటీమీటర్లు" అని చెప్పింది. మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు చాటను దూరంగా పెట్టుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం సర్దుకునే శక్తి తగ్గుతుందని, దాన్నే చత్వారం అంటారని మనవరాలు వివరించింది.

రసాయన బంధం పాఠం గురించి ఎక్కువ రాయాలని ఉంది. మామూలుగా అందరూ ఉప్పుతో మొదలుపెడతారు. సారు కాల్షియం ఫ్లోరైడ్‌తో మొదలుపెట్టారట. కాల్షియం ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 8, 2. ఫ్లోరిన్‌ది 2, 7. కాల్షియం చివరి రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, రెండు ఫ్లోరిన్లు తలా ఒకటి తీసుకుంటాయి. అందుకే ఒక కాల్షియానికి రెండు ఫ్లోరిన్లు. ఇలా ఇచ్చిపుచ్చుకోవడంతో ఏర్పడేదే అయోనిక బంధం. "మన ఎముకల్లో ఏముంది?" అని సారు అడిగారట. కాల్షియం. "మన బోర్ల నీళ్ళలో ఏముండేది?" అప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోయిందని మా అమ్మాయి చెప్పింది.

మా అమ్మది మర్రిగూడ దిక్కు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఉన్న ఆ నీళ్ళే తాగింది. నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరుందని, నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని తయారుచేశారని మా అమ్మాయి ఆ రోజే తెలుసుకుంది. మన ఊరి పేరు సైన్సులో ఉందని నాకూ అప్పుడే తెలిసింది. ఇప్పుడు మా అమ్మ వాళ్ళ ఊరికి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. అయోనిక బంధం మీద ఏ ప్రశ్న వచ్చినా మా పిల్ల ఇక మర్చిపోదు. నోట్‌బుక్‌లో ఆ బొమ్మ పక్కన చిన్న అక్షరాలతో 'నాయనమ్మ' అని రాసుకుంది.

ఒక శనివారం తల్లిదండ్రులను కూడా రమ్మన్నారు. ఏసీ మెకానిక్ దగ్గర ఒక మీటరు రాగి గొట్టం అడిగి తెమ్మని నాకు ముందే చెప్పారు, తీసుకెళ్ళాను. గొట్టాన్ని నిలువుగా పట్టుకుని ముందు ఒక చిన్న ఇనుప బోల్టు వేశారు. ఠక్కున కింద పడింది. తర్వాత దాదాపు అంతే సైజు గుండ్రటి అయస్కాంతం వేశారు. పడలేదు. పైనుంచి తొంగి చూస్తే లోపల మెల్లగా దిగుతోంది, ఎవరో పట్టుకుని దింపుతున్నట్టు. రాగికి అయస్కాంతం అంటుకోదని నాకు బాగా తెలుసు, రోజూ నా చేతుల్లో ఉండేది రాగే. మరి ఏం ఆపుతోంది?

సారు మా అమ్మాయినే చెప్పమన్నారు. లేచి నిలబడి చెప్పింది. అయస్కాంతం కిందికి జారుతుంటే గొట్టంలో అభివాహం, అంటే దాని గుండా పోయే అయస్కాంత బలరేఖల లెక్క, మారుతుంది. దాంతో గొట్టం చుట్టూ కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకు తనదైన అయస్కాంత క్షేత్రం ఉంటుంది, అది జారుతున్న అయస్కాంతాన్ని వెనక్కి లాగుతుంది. "మార్పు వద్దంటుంది సార్, అదే లెంజ్ నియమం" అంది. అన్నం దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్ల, అదే నియమం. నాకు గొంతు పట్టేసింది.

ఆ తర్వాత సారు ఫారడే గురించి చెప్పారు. 1831లో ఆయన కనుక్కున్న సూత్రం మీదే మన నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఎనిమిది యూనిట్లు, మొత్తం 815.6 మెగావాట్లు నడుస్తున్నాయి. అక్కడ నీళ్ళు తిప్పితే కరెంటు వస్తుంది. నా షాపులో చుట్టే మోటారుకు కరెంటు ఇస్తే తిరుగుతుంది, నీళ్ళు పైకొస్తాయి. ఇరవై రెండేళ్ళుగా ఏ స్లాటులో ఎన్ని చుట్లు వేయాలో లెక్కపెట్టి వేస్తున్నాను. అవి ఎందుకు వేస్తున్నానో ఆ సాయంత్రం పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని తెలుసుకున్నాను.

కరెంటు పాఠానికి మా షాపే ల్యాబ్ అయింది. కాయిల్ తెగిందో లేదో చూడడానికి మేం వాడే సిరీస్ బల్బు పెట్టి శ్రేణి, సమాంతరం రెండూ నేర్చుకుంది. 5 హార్స్‌పవర్ మోటారు అంటే 3,730 వాట్లు, గంట నడిస్తే దాదాపు నాలుగు యూనిట్లు అని లెక్క కట్టి చూపించింది. ఆమ్లాలు, క్షారాలు పసుపు, సున్నంతో తేలిగ్గా అయిపోయాయి.

ఒక ఆదివారం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్ళారు. గర్భగుడి వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా ఒకేచోట ఉంటుంది కదా. ఎండ నేరుగా లోపలికి పడుతోందా, బయటి రాళ్ళకు తగిలి వస్తోందా చూడమని పిల్లల్ని వదిలేశారట. ఇది పరీక్షకు రాదు. అయినా తీసుకెళ్ళినందుకు నాకు సంతోషంగా ఉంది.

లోపాలు కూడా ఉన్నాయి. లోహ సంగ్రహణం, కార్బన్ పాఠాలు చివరి నాలుగు రోజుల్లో పరుగెత్తించారు. పెంటేన్‌కు మూడు ఐసోమర్లని (అవే పరమాణువులు, అమరిక వేరు) మా అమ్మాయికి తెలుసు, గీయమంటే రెండు గీసి ఆగిపోతోంది. ఇరవై మందినే తీసుకుంటామన్నారు, చివరికి ముప్పై ఒక్కరయ్యారు. వెనక కూర్చున్నవాళ్ళకు గొట్టమూ కనబడదు, బోర్డూ కనబడదు. ఒకరోజు రాకపోతే ఆ రోజు పాఠం పోయినట్టే, నోట్స్ పంపరు. మెట్ల దగ్గర లైటు లేదు, ఆడపిల్లల తల్లిదండ్రులు కిందికి వచ్చి నిలబడాల్సిందే. ఈ విషయం సారుకు చెప్పాను, బల్బు నేనే పెడతానని కూడా అన్నాను.

ఆదివారం పరీక్షలు మాత్రం చాలా గట్టిగా పెడతారు. అసలు పరీక్షలాగే 40 మార్కులు, గంటన్నర. గంట కొట్టగానే పేపరు లాక్కుంటారు. దిద్దేటప్పుడు తప్పు దగ్గర కొట్టివేత ఉండదు, ఎర్ర సిరాతో 'ఎందుకు?' అని రాస్తారు. మరుసటి రోజు ఆ పిల్ల జవాబు చెప్పాకే మార్కు ఎంతో తేలుతుంది. అద్దాలు, కటకాల లెక్కల్లో ప్లస్, మైనస్ గుర్తులు ముందు ఒక పక్కన రాసుకోవడం ఆయన అలవాటు చేశారు. మొదటి ఆదివారం మా అమ్మాయికి 21 వచ్చాయి, పోయిన ఆదివారం 33.

అచ్చంగా బిట్లు, గెస్ పేపర్లు కావాలనుకునేవాళ్ళకు ఇది సరిపోదు. పాఠం ఒకసారి కూడా చదవని పిల్లలకు నలభై రోజులు చాలవు, వాళ్ళు దసరాకే అడగాలి. బడిలో విన్నాను కానీ అర్థం కాలేదు అనే పిల్లలుంటే కళ్ళు మూసుకుని వేయండి. సంక్రాంతికి ముందే వెళ్ళి పేరు రాయించండి, ముందు బెంచీ దొరుకుతుంది. రెండో రోజుకు గరిటె మాత్రం కొత్తది, బాగా మెరిసేది పంపండి. మేం పంపింది వాడివాడి మసకబారింది, అందులో ముఖం కనబడక మా అమ్మాయి పక్కనమ్మాయి గరిటెలో చూడాల్సి వచ్చింది.