బండిలో రెండో బ్యాటరీ: వీఎస్ఆర్ మేలా, డీసీ-డీసీ ఛార్జర్ మేలా?

థార్‌లో, జిమ్నీలో, బొలెరోలో చిన్న ఫ్రిజ్ పెట్టుకుని హైదరాబాద్ నుంచి అనంతగిరికో శ్రీశైలం వైపుకో బయల్దేరేవాళ్లు ఒకటే అడుగుతున్నారు. ఫ్రిజ్ కోసం తక్కువ ఖర్చులో రెండో బ్యాటరీ పెట్టాలంటే వీఎస్ఆర్ (వోల్టేజిని చూసి రెండు బ్యాటరీలను కలిపే, విడదీసే రిలే స్విచ్) సరిపోతుందా, లేక డీసీ-డీసీ ఛార్జర్ (ముందు బ్యాటరీ కరెంటు తీసుకుని రెండోదానికి కావలసిన వోల్టేజిగా మార్చి ఎక్కించే పెట్టె) కొనక తప్పదా? షాపులో ఎవరి దగ్గర ఏ సరుకుంటే దాన్నే మంచిదంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మీ బండి ఆల్టర్నేటర్. మన మెకానిక్‌లు డైనమో అనేది దాన్నే. అది ఎంత వోల్టేజి ఇస్తోంది, అందులో రెండో బ్యాటరీ టెర్మినల్ దాకా ఎంత చేరుతోంది అన్నదే నా దృష్టిలో అసలు సంగతి. మిగతావన్నీ దాని తర్వాతే.

అందుకే ఏదీ కొనకముందు ఒక మల్టీమీటర్ తీసుకుని నాలుగుసార్లు కొలవండి. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే ఒకసారి, పది నిమిషాల తర్వాత ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఇంకోసారి బ్యాటరీ టెర్మినళ్ల మీదే చూడండి. మూడోది అవుటర్ రింగ్ రోడ్డు మీద అరగంట నడిచాక, నాలుగోది యాక్సిలరేటర్ వదిలి బండి తనంతట తాను నెమ్మదిస్తున్నప్పుడు. ఈ రెండూ పక్క సీట్లో కూర్చున్నవాళ్లు చూడాలి. సిగరెట్ సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్ట్‌మీటర్ అయినా చాలు, కాకపోతే అది ఒకటి రెండు పాయింట్లు (0.1, 0.2 వోల్టు) తక్కువ చూపిస్తుంది.

నాలుగుసార్లూ 13.8 నుంచి 14.4 మధ్యే నిలకడగా ఉంటే అది పాత తరహా ఆల్టర్నేటర్. హైవే మీద 12.5, 12.7కి పడిపోయి, యాక్సిలరేటర్ వదలగానే 14.8కో 15కో ఎగిరితే స్మార్ట్ ఆల్టర్నేటర్, అంటే బండి కంప్యూటర్ అవసరాన్ని బట్టి వోల్టేజి పెంచే, తగ్గించే రకం. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద సన్నటి వైరుతో చిన్న సెన్సార్ ఉన్నా, సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే సదుపాయం ఉన్నా ముందు స్మార్ట్ అనే అనుమానించండి. అయినా కొలవడం మానొద్దు.

స్మార్ట్ అని తేలితే వీఎస్ఆర్ ఆలోచన అక్కడితో వదిలేయండి. మామూలు వీఎస్ఆర్ 13.3 వోల్టుల దగ్గర రెండు బ్యాటరీలను కలిపి, 12.8కి పడిపోగానే విడదీస్తుంది. హైవే మీద 12.6 ఇచ్చే బండిలో అది ఎక్కువసేపు రెండింటినీ విడదీసే ఉంచుతుంది. ఐదు గంటలు నడిపి శ్రీశైలం చేరాక చూస్తే రెండో బ్యాటరీ బయల్దేరినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. జనం బ్యాటరీని తిట్టి మార్పిస్తారు, కొత్తది కూడా అలాగే డౌన్ అవుతుంది.

పాత తరహా ఆల్టర్నేటర్ ఉన్న బండికి మాత్రం వీఎస్ఆర్ మంచి సరుకే. రెండు లావు వైర్లు, ఒక ఎర్త్ వైరు, అంతే. చెడిపోయే భాగాలు తక్కువ. మెయిన్ బ్యాటరీ చచ్చిపోతే రెండింటినీ బలవంతంగా కలిపే బటన్ ఉన్న రకం తీసుకుంటే, అడవి దారిలో రెండో బ్యాటరీతోనే సెల్ఫ్ కొట్టొచ్చు. ఈ సౌకర్యం డీసీ-డీసీ ఛార్జర్ ఇవ్వదు. విడిగా జంపర్ కేబుళ్లు మోయాల్సిందే.

వీఎస్ఆర్‌లో ఇబ్బందంతా వైరు దగ్గర వస్తుంది. అది వోల్టేజిని పెంచలేదు, ముందు ఉన్నదాన్ని వెనక్కి కలపడమే దాని పని. బానెట్ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు, ఎర్త్ కూడా విడి వైరుతో తెస్తే రానూపోనూ 10 మీటర్లు. 30 ఆంపియర్లు పారుతున్నప్పుడు ఈ దూరంలో 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు దాదాపు 1 వోల్టు తినేస్తుంది. 10 స్క్వేర్ ఎంఎం అయితే 0.57, 16 అయితే 0.36, 25 అయితే 0.23. ఆల్టర్నేటర్ 13.9 ఇస్తుంటే 6 స్క్వేర్ ఎంఎం చివర మిగిలేది 12.9. ఆ వోల్టేజిలో లెడ్ బ్యాటరీ చార్జ్ అవుతున్నట్టు కనిపిస్తుంది కానీ నిండదు. ఛార్జ్ కరెంటు తగ్గేకొద్దీ వైరులో నష్టమూ తగ్గుతుంది, నిజమే. కానీ ఆ దశ వచ్చేసరికి మీ ప్రయాణం అయిపోయి ఉంటుంది.

ముందు నుంచి వీఎస్ఆర్ దాకా వచ్చే వైరు సన్నగా ఉంటే ఇంకో తంటా ఉంది. రెండో బ్యాటరీ బాగా ఖాళీగా ఉంటే, కలిసిన మరుక్షణం వోల్టేజి 12.8 కిందికి పడి వీఎస్ఆర్ విడిపోతుంది. వెంటనే వోల్టేజి పెరిగి మళ్లీ కలుస్తుంది. వీఎస్ఆర్ నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే కారణం ఇదే. కొన్నాళ్లకు లోపలి కాంటాక్టులు కాలిపోతాయి. కాబట్టి బ్యాటరీ వెనక పెట్టేట్టయితే వీఎస్ఆర్‌కి 25 స్క్వేర్ ఎంఎం కంటే తగ్గొద్దు.

అన్నీ సరిగ్గా చేసినా, వీఎస్ఆర్‌తో ఏజీఎం బ్యాటరీ (యాసిడ్ ఒలకని సీల్డ్ లెడ్ బ్యాటరీ) దారిలో 80 శాతం దాటి నిండటం కష్టం. పూర్తిగా నిండాలంటే 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు గంటల తరబడి అందాలి. ఇంజన్ వేడెక్కాక ఆల్టర్నేటరే తన వోల్టేజిని తగ్గించుకుంటుంది. సగం నిండిన ఏజీఎం నెలల తరబడి అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని కెపాసిటీ పోతుంది. దీనికి విరుగుడు, నెలకోసారి ఇంట్లో మెయిన్స్ ఛార్జర్‌తో రాత్రంతా ఎక్కించడం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీ పార్కింగ్ దగ్గర ప్లగ్ పాయింట్ ఉందో లేదో కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇప్పుడు డీసీ-డీసీ ఛార్జర్. ముందు 12.5 వచ్చినా, 15 వచ్చినా, వెనక బ్యాటరీకి కావలసిన 14.4 తానే తయారుచేసి దశలవారీగా ఎక్కిస్తుంది. 20 ఆంపియర్ల ఛార్జర్ మన అవసరాలకు చాలు. అది ముందు నుంచి 25, 26 ఆంపియర్లు లాక్కుంటుంది కాబట్టి 10 స్క్వేర్ ఎంఎం వైరు సరిపోతుంది. దారిలో అర వోల్టు పోయినా అది సరిచేసుకుంటుంది. ఛార్జర్ ధర విని వెనక్కి తగ్గేవాళ్లు మర్చిపోయేది ఇదే. ఒక మామూలు వీఎస్ఆర్ కంటే మంచి ఛార్జర్ కొన్ని రెట్లు ఖరీదు, నిజం. కానీ వీఎస్ఆర్ పక్కన 25 స్క్వేర్ ఎంఎం కేబుల్, పెద్ద లగ్గులు (వైరు చివర నొక్కే లోహపు కొనలు), పెద్ద ఫ్యూజులు, ఇంట్లోకి ఒక మెయిన్స్ ఛార్జర్, తొందరగా మార్చాల్సొచ్చే బ్యాటరీ కూడా రాసుకుని చూడండి. తేడా సగానికి సగం కరిగిపోతుంది.

ఛార్జర్‌ను బానెట్ కింద మాత్రం పెట్టొద్దు. కొన్ని మోడళ్లు 40 డిగ్రీలు దాటితే కరెంటు తగ్గించుకుంటూ పోతాయి. మే నెలలో ఎండలో నిలిపిన బండి లోపలే 50 దాటుతుంది. బ్యాటరీకి దగ్గరగా, గాలి తగిలేచోట నిలువుగా బిగించండి. స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటే 'వోల్టేజి చూసి ఇంజన్ నడుస్తోందని గుర్తుపట్టే' పద్ధతి పనిచేయదు. ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే ఒక ఫ్యూజు నుంచి చిన్న వైరు తీసి ఛార్జర్‌కి ఇవ్వాలి. బండితో వచ్చిన ఫ్యాక్టరీ వైరింగ్‌ను కోసి అతికించకండి. వారంటీ పేచీ అక్కడే మొదలవుతుంది.

బ్యాటరీ సంగతి. 45 లీటర్ల లోపు కంప్రెసర్ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 4 ఆంపియర్ల దాకా తాగుతుంది. మన ఎండల్లో సగం సమయం కంప్రెసర్ ఆడుతుందనుకుంటే రోజుకు 48 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు). ఏజీఎంలో సగమే వాడుకోవాలి కాబట్టి 100 ఏహెచ్ కావాలి, బరువు 30 కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 60 ఏహెచ్ చాలు, 7, 8 కిలోలు. 20 ఆంపియర్ల ఛార్జర్‌తో ఆ 48 ఏహెచ్ రెండున్నర గంటల్లో తిరిగి నిండుతుంది. అదే ఏజీఎంకి చివరి 20 శాతం నత్తనడకే. కాబట్టి వికారాబాద్ దాకా రెండు గంటలు వెళ్లి రాత్రి ఉండి వచ్చేవాళ్లకు లిథియం వల్ల లాభం కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. లిథియం బ్యాటరీని వీఎస్ఆర్‌తో నేరుగా కలపొద్దు. దాని అంతర్గత నిరోధం చాలా తక్కువ, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ఇస్తే అంతా లాగేస్తుంది. ఐడిల్‌లో సరిగా చల్లబడని ఆల్టర్నేటర్ మాడిపోతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఖాళీగా ఉంది, అది పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, పొడవుగా ఉంటుంది, గతుకుల్లో యాసిడ్ చిమ్ముతుంది. పైగా ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ మూసిన క్యాబిన్‌లో చేరడం ప్రమాదం. క్యాబిన్‌లో సీల్డ్ ఏజీఎం లేదా లిథియం, అంతే.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. చేత్తో తిప్పే కటాఫ్ స్విచ్ అన్నిటికంటే చవక, కానీ రాత్రి తిప్పడం మర్చిపోతే రెండు బ్యాటరీలూ డౌన్. ఇగ్నిషన్‌తో పనిచేసే సాలినాయిడ్ (కరెంటు ఇస్తే కలిసే పెద్ద స్విచ్) తీసుకుంటే ఎంతసేపైనా ఆన్‌లో ఉండగల కంటిన్యువస్ డ్యూటీది తీసుకోవాలి, స్టార్టర్ సాలినాయిడ్ గంటల తరబడి ఆన్‌లో ఉంటే కాలిపోతుంది. పోర్టబుల్ పవర్ స్టేషన్‌కి వైరింగే అక్కర్లేదు. సిగరెట్ సాకెట్ నుంచి 100, 120 వాట్లే ఎక్కుతుంది కాబట్టి 500 వాట్-అవర్లది నిండటానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాళ్లకు అదే నయం.

నా ఓటు 20 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్, 60 ఏహెచ్ లిథియం. ఒకేసారి అంత పెట్టలేకపోతే ముందు ఛార్జర్ కొని, చిన్న ఏజీఎంతో మొదలుపెట్టి తర్వాత బ్యాటరీ మార్చుకోండి. చాలా ఛార్జర్లలో బ్యాటరీ రకం ఎంచుకునే సెట్టింగ్ ఉంటుంది, అది సరిచూసి కొనండి. పాత ఆల్టర్నేటర్ ఉండి, రెండో బ్యాటరీకి బానెట్ కిందే చోటున్న పాత బొలెరో, స్కార్పియో లాంటి బండికి మాత్రం వీఎస్ఆర్, ఏజీఎం పెట్టమనే చెప్తాను. ఒక మీటరు పొడవు వైరు చాలు, వోల్టేజి నష్టం పెద్దగా ఉండదు. ఇంజన్ వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, మధ్యలో హీట్ షీల్డ్ వేయండి.

కేబుల్ కోసం రాణిగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో వెల్డింగ్ కేబుల్ అడగండి, మెత్తగా వంగుతుంది. కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం, వద్దనండి. లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కించాలి. ఫ్యూజు రెండు చివర్లా ఉండాలి, ఒక్కో బ్యాటరీకి జానెడు దూరం లోపే, ఎందుకంటే మధ్యలో వైరు ఒరిసి బాడీకి తగిలితే రెండు వైపుల నుంచీ కరెంటు పారుతుంది. 20 ఆంపియర్ల ఛార్జర్‌కి ముందువైపు 40, వెనక 30 ఆంపియర్ల ఫ్యూజు. 25 స్క్వేర్ ఎంఎం వీఎస్ఆర్ వైరుకు రెండువైపులా 100. నెగటివ్ టెర్మినల్ మీద సెన్సార్ ఉన్న బండిలో రెండో బ్యాటరీ ఎర్త్‌ను ఆ టెర్మినల్‌కి కాకుండా ఛాసిస్‌కి, పెయింట్ గీకి బిగించండి. లేకపోతే సెన్సార్ లెక్క తప్పి బండి కంప్యూటర్ తికమక పడుతుంది.

బిగించాక ఫ్రిజ్ ఆన్ చేసి, ఇంజన్ నడుస్తుండగా రెండో బ్యాటరీ టెర్మినల్ మీద వోల్టేజి చూడండి. వీఎస్ఆర్ అయితే ముందు బ్యాటరీకీ దీనికీ తేడా 0.3 వోల్టు మించకూడదు. మించితే ఒక్కో జాయింట్ మీద చెయ్యిపెట్టి చూడండి, వేడిగా తగిలిందే లూజుగా ఉన్న లగ్గు.