మేనేజర్లకు సేఫ్టీ, కార్మిక చట్టాల ట్రైనింగ్: మూడేళ్ల తర్వాత నా సమీక్ష

మా ప్యాకింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్లం, మేనేజర్లం ఈ ట్రైనింగ్ మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మొదట రెండు రోజుల క్లాసు, తర్వాత మూడు నెలలకోసారి షాప్ ఫ్లోర్ మీద సగం పూట, ఏడాదికోసారి ఆన్‌లైన్ పరీక్ష. కొత్తలో రాసి ఉంటే కళ్లు మూసుకుని అయిదు స్టార్లు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడైతే మూడున్నర.

ఆ ఒకటిన్నర తగ్గడానికి సగం కారణం ఆన్‌లైన్ పరీక్షే. స్లైడ్లు నొక్కుకుంటూ పోవడం, తప్పయితే మళ్లీ నొక్కడం. మాలో ఒకాయన టీ తాగుతూ ఫోన్‌లో ముగించేసి నూటికి నూరు తెచ్చుకున్నాడు. ఆ ఒకాయన నేనే.

అసలు సరుకంతా ఫ్లోర్ రౌండ్లలో ఉంది. మొదటి రౌండ్‌లోనే ట్రైనర్ నన్ను సీలింగ్ మెషిన్ దగ్గరికి తీసుకెళ్లి, "ఇక్కడ చెయ్యి పడకుండా మీరేం చేశారండీ?" అన్నారు. గ్లౌజులిచ్చామని గొప్పగా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా గార్డు, అంటే మెషిన్ మీదుండే రక్షణ మూత, తెరిచారు. మెషిన్ ఆగాలి, ఆగలేదు. గార్డు స్విచ్‌కి ఎవరో టేపు చుట్టేశారు. ప్యాకింగ్ ప్లాస్టిక్ ఫిల్మ్ ఇరుక్కున్న ప్రతిసారీ ఆపుకుంటూ కూర్చుంటే టార్గెట్ అందదు మరి. ఆ టార్గెట్ పెట్టింది నేనే.

ముందు ప్రమాదాన్నే తీసేయాలి, కుదరకపోతే తక్కువ ప్రమాదమున్నది వాడాలి, ఆ తర్వాత గార్డుల్లాంటివి, తర్వాత పని పద్ధతులు, అన్నిటికన్నా ఆఖర్న గ్లౌజులు, హెల్మెట్లు. ఈ వరస క్లాసులో నోట్సు రాసుకున్నదే, కానీ ఆ టేపు చూశాకే బుర్రకెక్కింది. ఫిల్మ్‌ని సరిగ్గా నడిపించే గైడ్ సరిచేయిస్తే ఇరుక్కోవడమే బాగా తగ్గింది, టార్గెట్ కూడా కాస్త దించాను.

చట్టాల క్లాసు పొడిపొడిగా మొదలైంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ పనిచోట భద్రత, ఆరోగ్యం మీద చేసిన 1981 నాటి 155వ ఒప్పందం, అదే సంస్థ 2022లో సురక్షిత పని వాతావరణాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చడం, ఇలా. ఆ ఒప్పందంలో రక్షణ చర్యల ఖర్చు కార్మికుల మీద పడకూడదని ఉందనగానే నిద్రమత్తు దిగింది. సేఫ్టీ షూలు పాడైతే మేం జీతంలో కోసేవాళ్లం!

ఇంకోటి నాకు బాగా తగిలింది. తోటి ఉద్యోగి వెకిలి మాటలు పడలేక ఒకావిడ నాకు ఫిర్యాదు చేస్తే, ఆవిడ మంచికే కదా అని ఆవిడనే వేరే షిఫ్టుకి మార్చాను. ట్రైనర్ అడిగింది ఒక్కటే: "ఇది చూసిన మిగతావాళ్లు రేపు ఫిర్యాదు చేస్తారా?" ఆ రోజే వెళ్లి ఆవిడకి సారీ చెప్పాను. ఏ షిఫ్టు కావాలని అడిగితే పాతదే అన్నారు. అతణ్ణి అక్కణ్ణుంచి మార్చి విచారణ పెట్టించాం.

త్రుటిలో తప్పిన ప్రమాదాలను కూడా రాయమని చెప్పాక, రిజిస్టర్లో సున్నాలు పోయి నెలకి పదీ పన్నెండూ రావడం మొదలైంది. పైవాళ్లకి అదో టెన్షన్. "మీ హయాంలోనే ఇన్నేంటి?" అని నన్ను నిలదీశారు. వాళ్లెవరూ ఈ ట్రైనింగ్‌కి రాలేదు. మిగతా సగం స్టార్లు అక్కడే పోయాయి.

ఎవరైనా ఆన్‌లైన్ ప్యాకేజీ ఒక్కటే అంటగడితే తీసుకోకండి. ఫ్లోర్ రౌండ్లు ఉంటేనే ఒప్పుకోండి, ప్లాంట్ హెడ్ పేరు లిస్టులో మొదట రాయించండి. మా తర్వాతి రౌండ్ వచ్చే నెల. లిస్టులో ఆయన పేరు ఈసారీ లేదు.