పార్ వ్యవస్థా, ఈ.కోలి పద్ధతా: క్రోమోజోమ్ పంపకానికి ఏది మేలు?

మన కణాల్లో కండె తంతువులు క్రోమోజోమ్‌లను చెరో వైపుకూ లాగుతాయని స్కూల్లోనే చదువుకున్నాం. బ్యాక్టీరియాకు కండె లేదు. అయినా క్రోమోజోమ్ అందని పిల్ల కణం పుట్టడం చాలా అరుదు. ఇది నాకు ఎప్పటికీ అబ్బురమే.

కౌలోబ్యాక్టర్ క్రెసెంటస్ అనే మంచినీటి బ్యాక్టీరియాది పార్ వ్యవస్థ. డీఎన్ఏ నకలు మొదలయ్యే చోటికి దగ్గర్లో పార్‌ఎస్ అనే పొట్టి డీఎన్ఏ వరుసలుంటాయి. పార్‌బి ప్రోటీన్ వాటిని పట్టుకుని చుట్టూ పరుచుకుంటుంది. పార్‌ఎ ప్రోటీనేమో కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువుతో కలిసి క్రోమోజోమ్‌కి అంటుకుని ఉంటుంది. పార్‌బి తగలగానే పార్‌ఎ ఆ ఏటీపీని ఖర్చు చేసి ఊడిపోతుంది. ఇక పార్‌ఎ మిగిలి ఉన్న వైపుకే పార్‌బి జరుగుతుంది, వెంట డీఎన్ఏనీ తీసుకుపోతుంది. ఒక నకలు కణంలో మొదట ఉన్న కొన దగ్గరే ఆగితే రెండోది అవతలి కొనకు చేరుతుంది. నకలు తీయడం పూర్తయ్యేదాకా ఆగే పని లేదు.

మన పేగుల్లో ఉండే ఈ.కోలి బ్యాక్టీరియా క్రోమోజోమ్‌కి ఈ ఏర్పాటే లేదు. 46 లక్షల బేస్ జతల డీఎన్ఏ, సాగదీస్తే 1.6 మిల్లీమీటర్లు, ఉండే కణం పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. మక్‌బిఇఎఫ్ అనే ప్రోటీన్ల జట్టు దాన్ని ఉచ్చులుగా మడిచి పెడుతుంది. ఇరుకైన పొడవాటి కణంలో రెండు పోగులు కలిసి ఉండటం కన్నా విడిపోవడమే ఎంట్రోపీకి (అణువులు ఎన్ని తీరుల్లో అమరగలవో చెప్పే కొలతకు) అనుకూలమని 2006లో జున్, ముల్డర్ అనే శాస్త్రవేత్తలు వాదించారు. లాగే యంత్రం లేకుండానే మంచి పోషకాల్లో 20 నిమిషాలకోసారి చీలగలుగుతోందంటే ఈ పద్ధతిని తక్కువ చేయలేం. మక్‌బి పోతే మాత్రం డీఎన్ఏ లేని కణాలు పుడతాయి, వేడి పెరిగితే బతకడమే కష్టం.

నా ఓటు పార్‌కే. అదే ఈ.కోలిలో క్రోమోజోమ్‌కి విడిగా ఉండే ఎఫ్ ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాన్ని చూడండి: కణానికి ఒకటో రెండో నకళ్లే కాబట్టి సోప్ అనే సొంత పార్ తరహా వ్యవస్థను మోసుకు తిరుగుతుంది. కలరా బ్యాక్టీరియాకు రెండు క్రోమోజోమ్‌లు, దేని పార్ దానిదే. రెండోదాని పార్ తీసేస్తే ఆ క్రోమోజోమ్ అందని కణాలు చచ్చిపోతాయి. నకళ్లు తక్కువైన చోట అదృష్టాన్ని నమ్ముకోకూడదు.

అయితే అందరికీ ఇది ప్రాణాధారం కాదు. పార్‌ఎ, పార్‌బి లేకపోతే కౌలోబ్యాక్టర్ బతకదు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే మట్టి బ్యాక్టీరియాలో పార్‌బి పోయినా ఎక్కువ కణాలకు క్రోమోజోమ్ అందుతుంది. మక్‌బికి బంధువైన ఎస్ఎంసి అనే ప్రోటీన్ అక్కడ డీఎన్ఏని మడిచే పని చూసుకుంటుంది. ఆ ఎస్ఎంసిని పార్‌ఎస్ దగ్గర డీఎన్ఏ మీదికి ఎక్కించేది మళ్లీ పార్‌బియే.