బేడర్ బొగ్గు బొమ్మ: ప్రింట్ ఓకే, ఫ్రేమ్ దండగ

చిత్రకారుడు కత్‌బర్ట్ ఓర్డ్ బొగ్గుతో గీసిన బ్రిటిష్ యుద్ధవిమాన పైలట్ డగ్లస్ బేడర్ బొమ్మ, ఫ్రేమ్ కట్టిన ప్రింట్ తెప్పించుకున్నా. 1940లో బ్రిటన్ ఎయిర్ మినిస్ట్రీ (వైమానిక శాఖ) ఫైటర్ పైలట్ల బొమ్మలు గీసే పని ఓర్డ్‌కి అప్పగించింది, ఆయనా మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడే, అందుకేనేమో వీరుడి పోజులూ హడావుడీ లేకుండా మనిషినే పట్టుకున్నాడు. బేడర్ సంగతి తెలిసిందేగా, 1931 విమాన ప్రమాదంలో రెండు కాళ్లూ పోయినా కృత్రిమ కాళ్లతో మళ్లీ ఫైటర్లు నడిపి, డీఎస్ఓ, డీఎఫ్‌సీ అనే సైనిక పురస్కారాలు రెండేసి సార్లు అందుకున్న మొండివాడు.

కాగితం మందంగా, మెరుపు లేకుండా ఉంది కాబట్టి బొగ్గు గరుకుదనం బాగానే తెలుస్తోంది. కానీ నల్లటి చోట్ల ఇంకు ముద్దగా పడి గీతలు కలిసిపోయాయి, ఈ రేటుకి అది చిరాకే. ఫ్రేమ్ అయితే ఉత్త ప్లాస్టిక్. ప్రింట్ ఒక్కటే తీసుకుని ఫ్రేమ్ బయట కట్టించుకోండి.